పలాస పేరు - పలాస వర్తకుడు

జీడిపప్పనిన పలాస యని ఆంధ్రదేశమున వాడుక. జలంత్రకోట ప్రాంతమునను ఉద్దానమునను పండిన పిక్కలు పలాస, కాశీబుగ్గ కర్మాగారములలో పప్పై దూరదేశములకు పోవుచున్నవి. పేరు ఊరికి దక్కినది. ఆ పేరువలని లాభము ఊరివర్తకునకు దక్కుచున్నదా?

నేడు కొనువాడు ముందుగా అడుగునది చేతిలోని ఫోనును. గూగుల్‌లో వెదకినపుడు మొదట కనబడిన రెండు మూడు పేర్లతోనే తరచుగా బేరము ముగియును. ఆ పేర్లు పలాసవారివే కానక్కరలేదు. ఎచ్చటనో కూర్చుండి పలాస పేరును సంచిపై అచ్చొత్తించినవాడు ముందు నిలువవచ్చును. పప్పు వలిపించినవాడు కానరాకపోవచ్చును.

వెదకువారు రెండు తెగలు. 16వ జాతీయ రహదారిపై పోవుచునో, పలాస స్టేషనులో దిగియో అంగడి వెదకువాడు మొదటివాడు. ఇట్టివానికి చూపునపుడు పొందిక, దూరము, ప్రఖ్యాతి యను మూడింటిని పాటింతుమని గూగుల్ సంస్థయే చెప్పుచున్నది. పటములో అంగడిని నమోదు చేయుటకు రుసుము లేదు. పేరు, చిరునామా, ఫోను నెంబరు, తెరచు వేళలు, ఛాయాచిత్రములు ఉండిన చాలును. అయితే బోర్డుపై నొక పేరు, బిల్లుపై నొక పేరు, పటములో వేరొక పేరు ఉండరాదు.

రెండవవాడు హైదరాబాదు గృహస్థు. వానికి పటము చాలదు. వర్తకునకు స్వంత వెబ్‌సైటు కావలెను. అందు ప్రగల్భములు వలదు. గుండు, బద్ద, ముక్కల ధరలేమి? 240 రకమునకును 320 రకమునకును భేదమేమి? అది పౌనుకు తూగు గుండ్ల లెక్క యనియు, అంకె తగ్గినకొలది గుండు పెద్దదనియు ఎందరెరుగుదురు? కొనువాడడుగు ప్రశ్నకు తెలుగునను ఆంగ్లమునను సూటిగా సమాధానము వ్రాసినవానినే వెదకులాట ముందుకు తెచ్చును.

సొమ్మిచ్చిన మొదటి స్థానము కట్టబెట్టుదుమనువారిని నమ్మరాదు. అట్టి హామీ ఎవ్వరును ఈయజాలరు. కూలికి వ్రాయించిన పొగడ్తలు అంతకన్న కీడు. కొనుగోలుదారుల అభిప్రాయములు నిజమైనవై యుండవలెనని భారత ప్రమాణముల సంస్థ 2022లో నియమములే ప్రకటించినది. సరకు కొన్నవారిని నాలుగు మాటలు వ్రాయుడని కోరుట మాత్రము ధర్మమే.

ఇది వర్తకుల గొడవ యని తోటలుగలవారు ఊరకుండరాదు. పప్పుపై లాభము పరులపాలైనచో పిక్కలకు మంచి ధర యెవరీయగలరు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు తోటలను నేలగూల్చినది. కూలిన తోట మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. పేరు నాడు కూలలేదు. గాలివానకు నిలిచిన పేరును మన అశ్రద్ధవలన పోగొట్టుకొందుమా? చిన్న వర్తకుడు ఒంటరిగా చేయలేనిచో పదుగురు కలసి ఒక చదువుకొన్న యువకుని నియమించుకొనుట మంచిది. అందుకగు వ్యయము స్వల్పము. ఉపేక్షవలని నష్టము తరతరములది.