ఏడవని బిడ్డకే ముందు పాలు

మొన్న పులియాంతోపులో కవలలు పుట్టిన ఇంటికి వెళ్ళాను. ఇద్దరూ ఆడపిల్లలే. వాళ్ళ అమ్మమ్మ అడిగిన మొదటి మాట, "అన్నీ రెండేసి కొనాలా తల్లీ?" అని. ఉండేది ఒక్క గది, అల్లుడికి రాత్రి షిఫ్టు. రెండు తొట్లు, జంట బండి ఎక్కడ పెడతారు?

అక్కర్లేదు. రెండేసి ఉండాల్సినవి పాతచీర గుడ్డలు, టోపీలు, టీకా కార్డులు. చేతిలో డబ్బుంటే దోమతెర, థర్మామీటరు, గట్టి దిండు ఒకటి కొనండి.

దిండు తల్లికి. ఒళ్ళో వేసుకుని, పిల్లల కాళ్ళు వీపువైపు వచ్చేలా చెరో చంక కింద పట్టుకుంటే ఇద్దరూ ఒకేసారి తాగుతారు. మొదట్లో పక్కన ఎవరైనా ఉండి పిల్లల్ని అందించాలి. ఇద్దరికి పాలు చాలవని చుట్టుపక్కలవాళ్ళు అననే అంటారు. తాగేకొద్దీ ఊరతాయమ్మా. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి, ఇక్కడ పాలాడై అంటారే, అదే. సీసా కంటే కడుక్కోవడం తేలిక. పాలసీసాలకి, పాలపిండికి ప్రకటనలు వేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. డాక్టరు పిండి రాసిస్తే డబ్బా మీదున్న కొలత తప్పకండి. ఇంకో నాలుగు రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలిపితే కడుపు నిండుతుంది గానీ బిడ్డ బరువు పెరగదు.

ఆ ఇంట్లో నన్ను భయపెట్టింది వేరే. పెద్దది ఏడ్చి ఏడ్చి తాగుతోంది. చిన్నది పడుకునే ఉంది. "ఇది బంగారుతల్లి, ఏడవనే ఏడవదు" అని అందరూ మెచ్చుకుంటున్నారు. ఎప్పుడు తాగిందని అడిగితే "ఆరింటికి" అంది తల్లి. "అది పెద్దదే" అంది అమ్మమ్మ. అడగందే అమ్మైనా పెట్టదంటాం, అడగడానికి ఓపిక లేని బిడ్డ సంగతేంటి? బరువు తక్కువ పిల్లలు ఆకలేసినా నిద్రపోతారు. రెండు మూడు గంటలకోసారి అరికాలు గీరి, గుడ్డ విప్పి లేపండి, దానికే ముందు పట్టండి.

బి అండ్ సి మిల్లు సైరన్ ఉన్నన్నాళ్ళూ మా అమ్మ దాన్నిబట్టే పాలవేళ చూసుకునేది. 1996లో మిల్లు మూతపడింది, సైరనూ పోయింది. ఒక నోటుపుస్తకం గోడకి వేలాడదీయండి. ఎవరు, ఎన్నింటికి తాగారు, ఎన్నిసార్లు ఒంటేలు పోశారు. అయిదారు రోజులు దాటిన బిడ్డ రోజుకి ఆరుసార్లైనా పోయాలి. ఒకదాని కాలిగోటికి రంగు వేయండి, లేకపోతే చుక్కల మందు ఒకదానికే రెండుసార్లు పడుతుంది.

రెండున్నర కిలోల లోపు బిడ్డని టోపీ, లంగోటీతో రొమ్ముకి ఆనించి, పైన చీర చుట్టుకోండి. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ నేర్పుతారు. తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది. షిఫ్టు దిగి వచ్చినాయన స్నానం చేసి, చిన్నదాన్ని ఎత్తుకుని గోడకి వాలి కూర్చుంటే తల్లికి గంట నిద్ర. ఆయనకి కునుకు పడుతుంటే మాత్రం బిడ్డని తీసేసి చాపమీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకే చీర ఉయ్యాలలో ఇద్దర్నీ వేయొద్దు.

లేపినా తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, ఎగశ్వాస వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి రాత్రంతా తెరిచే ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఆ నోటుపుస్తకం తీసుకెళ్ళండి, డాక్టరు ముందు అడిగేది అందులో ఉన్నదే.