గగనంలో కొలువు.. గుర్తింపు కోసం పోరు

నాయుడుపేట: రేణిగుంట విమానాశ్రయం పూతలపట్టు రహదారి మీదుగా నాయుడుపేటకు అందుబాటులోనే ఉంది. విమానంలో కొలువు కోరుకునే పట్టభద్రులు యూనిఫాం, జీతం గురించి ఆరా తీస్తారే గానీ ఆ ఉద్యోగానికున్న హక్కుల గురించి అడిగేవారు అరుదు.

ఒకప్పుడు ఎయిర్‌ ఇండియాలో ఎయిర్‌ హోస్టెస్‌లకు సాధారణంగా 35 ఏళ్లకే పదవీ విరమణ. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, తొలిసారి గర్భం దాల్చినా ఉద్యోగం పోయేది. నర్గీస్‌ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టివేసింది. పెళ్లి నిబంధనను మాత్రం సమర్థించింది. విమానంలో పర్యవేక్షక హోదా మహిళలకూ కల్పించాలని సంస్థ 2005లో నిర్ణయిస్తే అది నిలబడింది 2011లో, సుప్రీంకోర్టు తీర్పుతోనే. సవాలు చేసింది ఎవరో కాదు, క్యాబిన్‌ సిబ్బంది సంఘమే! సంఘం ఉన్నంత మాత్రాన అందరికీ న్యాయం జరుగుతుందనుకోవడం పొరపాటని ఈ ఉదంతం చెబుతోంది.

భోజనం వడ్డించడం వీరి పనిలో ఒక భాగం మాత్రమే. మంటలు చెలరేగితే ఆర్పడం, ప్రమాదవేళ ప్రయాణికులను క్షణాల్లో దించడం అసలు బాధ్యత. అయినా వేతనం దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మరుగున పడుతోంది. విమానం నేలపై ఉండగా చేసే పనికి జీతం ఇవ్వడం లేదంటూ 2025 ఆగస్టులో ఎయిర్‌ కెనడా సిబ్బంది పది వేల మందికి పైగా సమ్మెకు దిగారు. బస్టాండులో బస్సు ఆగిన సమయం పనివేళ కాదంటే మన కండక్టర్లు ఒప్పుకుంటారా?

ఇక్కడా అలజడి రేగింది. 2024 మే నెలలో ఎయిర్‌ ఇండియా ఎక్స్‌ప్రెస్‌ సిబ్బంది మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు. పదుల సంఖ్యలో విమానాలు రద్దయ్యాయి. యాజమాన్యం 25 మందిని తొలగించింది. ఢిల్లీలో కార్మిక శాఖ అధికారుల సమక్షంలో చర్చలు జరిగాక వారిని తిరిగి తీసుకుంది. పంతానికి పోకుండా ఇరుపక్షాలూ ఒకచోట కూర్చోబట్టే అది సాధ్యమైంది.

ఇకపై ఆ దారి అంత సులభం కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌ ప్రకారం సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది ఒకేరోజు కూడబలుక్కుని సాధారణ సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది.