భయపడుట పిరికితనమా?

చీమకుర్తి గనులనుండి నల్లరాతి దిమ్మెలను మోసికొని లారీలు ఒంగోలు మార్గమున నడచుచుండును. వాని నడుమనే మన బిడ్డలు మోటారుసైకిళ్లపై పోవుదురు. "నాయనా, హెల్మెట్టు పెట్టుకొని పొమ్ము" అని తల్లి పలికినచో, "ఒంగోలెంత దూరమమ్మా? నీకన్నిటికి భయమే!" అని నవ్వి పోవు కుమారుడు ఏ యింట లేడు? ఆ నవ్వునుగూర్చియే ఈ నెల ముచ్చటింపదలచితిమి. మృత్యువునకు మిక్కిలి చేరువగా బ్రదికిన మోటారుపందెగాండ్ర చరిత్ర దానికి తగిన సమాధానము చెప్పుచున్నది.

1903లో పారిసు నగరమునుండి మాడ్రిడ్డు నగరమునకు పందెము సాగెను. జనులు నడచు బాటలే పందెపు బాటలు. దుమ్ములో ముందరి బండి కానరాదు. బండ్లు తయారుచేయు రెనో సోదరులలో నొకడగు మార్సెల్ మొదలుగా పలువురు మృతినొందగా, ప్రభుత్వము పందెమును బోర్డో నగరమున ఆపివేసెను. అయినను లోకము పాఠము నేర్వలేదు. 1955లో ఫ్రాన్సునందలి లెమాన్ పందెమున నొక బండి బ్రద్దలై జనసమూహముపై బడి ఎనుబదిమందికి పైగా బలిగొనెను. పందెము మాత్రము ఆగలేదు. 1957లో ఇటలీలోని మిల్లే మిల్యా పందెమున నొక బండి అదుపుతప్పగా, అందున్న యిరువురును, బాటప్రక్క చూచుచున్న తొమ్మండుగురును గతించిరి. ఆ తొమ్మండుగురిలో అయిదుగురు పసివారు.

పందెమునకు పోవువాడు చావునకు సిద్ధపడియే పోవలెనని నాటివారి మతము. జాగ్రత్త కోరినవాడు పిరికివాడు. ఈ మాటకు ఎదురునిలిచినవాడు స్కాట్లండు దేశీయుడగు జాకీ స్టూవర్టు. 1966లో బెల్జియమునందలి స్పా పందెమున, వానలో అతని బండి బాటదప్పి పడెను. పెట్రోలు ఒడలెల్ల తడుపుచుండగా అతడు బండిలో చిక్కుకొని యుండెను. అతనిని విడిపించుటకు పనిముట్టు లేదు. తోడి పందెగాండ్రిరువురు చూడవచ్చినవారిలో నొకరినుండి పనిముట్లు తెచ్చి విడిపించుటకు ఇరువదియైదు నిమిషములు పట్టెను. పిదప ఆసుపత్రికి గొనిపోవు బండియును దారి తప్పెను. నిప్పురవ్వ యొక్కటి పడియున్నచో అతని కథ అంతటితో ముగిసియుండెడిది.

నాటినుండి అతడు నడుముపట్టీలు, గట్టి కంచెలు, సిద్ధముగా నుండు వైద్యులు కావలెనని పట్టుబట్టెను. పందెముల సొగసు చెడునని కొందరు పరిహసించిరి. పందెగాండ్రు కోరిన మార్పులు చేయనందున 1969లో స్పా పందెమే జరుగలేదు.

ఈ చరిత్రలో స్త్రీలకును చోటున్నది. స్టూవర్టు భార్య హెలెన్ బాటప్రక్క గడియారము పట్టి, భర్త ఒక్కొక్క చుట్టు తిరుగు కాలమును వ్రాసికొనెడిది. రావలసిన క్షణమున బండి రాకున్నచో ముందుగా గుండె ఝల్లుమనునది గడియారము పట్టిన ఇల్లాలికే గదా! 1973లో పందెములు మానుకొన నిశ్చయించియు స్టూవర్టు ఆమెకు చెప్పలేదు. మిగిలిన పందెములను ఒక్కొక్కటిగా లెక్కించుచు ఆమె కుములునని అతని తలంపు. తుదిపందెమునకు ముందు సాధనలో తన జట్టువాడగు సెవేర్ మరణింపగా, అతడు నూరవ పందెమున పాల్గొనకయే వెడలిపోయెను.

మన వైపువారు చెన్నపట్టణము పోవు పెద్దబాటలోనే షోలవరమున్నది. అచ్చటి పాత విమానాశ్రయమున బహుకాలము పందెములు జరిగెను. పిమ్మట శ్రీపెరుంబుదూరు చెంత ప్రత్యేకముగా బాట నిర్మించిరి. అట్టి బాటమీదను 2023 జనవరిలో 59 ఏండ్ల అనుభవశాలియు, ఆగస్టులో 13 ఏండ్ల బాలుడును ప్రాణములు కోల్పోయిరి. అపాయము పూర్తిగా తొలగదు; తగ్గింపవచ్చును. పందెపు బండిలో కూర్చున్నవాని తలచుట్టు నుండు 'హేలో' అను లోహపు వలయము 2018లో వచ్చినప్పుడు ఇష్టపడనివారిలో రొమైన్ గ్రోజాన్ ఒకడు. 2020లో బహ్రెయినులో అతని బండి కంచెను చీల్చుకొనిపోయి భగ్గున మండెను. ఆ వలయమే తలను కాపాడగా, అతడు మంటలలోనుండి తానే వెలికివచ్చెను.

హెల్మెట్టు కథయు నిట్టిదే. ఇంగ్లండులో బ్రూక్లాండ్సు పందెపు బాటకు వైద్యుడగు ఎరిక్ గార్డ్నరు తలలు పగిలినవారిని చూచి చూచి, గుడ్డకు లక్కపూత పూయించి శిరస్త్రాణములు చేయించెను. పందెగాండ్రు అయిష్టపడినను 1914లో మాన్ ద్వీపపు పందెమున వానిని తప్పనిసరి గావించిరి.

పందెపు బాటలో ఎదురుబండి రాదు, గేదె అడ్డము రాదు, వైద్యుడు కాచుకొని యుండును. మన బాటలో వీనిలో నొక్కటియైన గలదా? 1988నాటి మోటారువాహనముల చట్టము నడుపువారికే గాక వెనుక కూర్చున్నవారికిని, నాలుగేండ్లు దాటిన బిడ్డలకును హెల్మెట్టు విధించినది. పట్టీ బిగింపవలెనని కూడ చెప్పినది. కుమారునకు బుద్ధి చెప్పుచు, భర్త వెనుక వట్టితలతో కూర్చుండు మనమును ఆ తప్పులో పాలివారమే.

కావున సోదరీమణులారా, తాళపుచెవిని హెల్మెట్టులోనే పెట్టియుంచుడు. అది ధరింపనిదే బండి కదలనీయకుడు, మీరును ఎక్కకుడు. బిడ్డ నవ్వినచో నవ్వనిండు. నవ్వుచు వెడలిన బిడ్డ నవ్వుచునే గడప త్రొక్కవలెను గదా!