లక్ష రూపాయల జీతమూ, ఇరవయ్యో తారీఖూ

జీతం పెరిగితే ఇబ్బందులు తీరతాయని మన పెద్దలు నమ్మారు, మనమూ నమ్ముతున్నాం. ఆ నమ్మకం మీదనే మన నాయనలు అప్పుచేసి మనల్ని కాలేజీకి పంపారు. తప్పు నమ్మకమని నేననను. కాని ఆదోనిలో ఏ ఉద్యోగుల కాలనీకైనా ఇరవయ్యో తారీఖు దాటినాక ఒకసారి పోయి చూడండి. ఇంటి ముందర కారుంటుంది, లోపల ఏ.సి. ఉంటుంది, పాలవాడితో మాత్రం ఆ ఇంటి యజమాని "ఒకటో తారీఖు కానీప్పా, ఇచ్చేస్తా" అంటుంటాడు. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తున్న ఇల్లది. నెలకు లక్ష రూపాయలు వస్తున్న ఇంట్లో దుడ్లు ఎందుకు నిలవవు? ఇది నవ్వుకోవడానికి పనికివచ్చే ప్రశ్నే, కాని ఆలోచిస్తే అంత తేలికైనది కాదు.

మొదట ఒక మాట ఒప్పుకొని ముందుకు పోదాం. మా కోసిగి ప్రాంతంలో కష్టం అనే మాటకు వేరే అర్థం ఉంది. పంట చేతికి రాని ఏడు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు దిక్కు మిరప కోతకూ, తెలంగాణ దిక్కు పత్తి తీతకూ సుగ్గికి పోయే కుటుంబాలున్న ఊళ్లవి. 2022-23 కేంద్ర ప్రభుత్వ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున 4,870 రూపాయలు. నలుగురున్న ఇంటికి ఇరవై వేలకు కొంచెం తక్కువ. దానికి అయిదింతలు వచ్చే ఇల్లు "చాలడం లేదు" అంటే సుగ్గికి పోయే మనిషికి కోపం రావడం న్యాయమే. ఈ రెండు కష్టాలూ ఒకటని నేను చెప్పబోవడం లేదు. ఒకటి దుడ్లు లేని కష్టం. రెండోది దుడ్లుండీ అవి తనవి కాని కష్టం. ఈ వ్యాసం రెండోదాన్ని గురించి.

దీనికి మనవాళ్లు సాధారణంగా చెప్పే కారణం ఆడంబరం. పక్కింటివాడు కొన్నాడని మనమూ కొంటామనీ, అందువల్లనే ఈ అవస్థ అనీ. ఇందులో నిజం లేకపోలేదు. డ్యూసెన్‌బెర్రీ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1949లోనే మనిషి ఖర్చు తన ఆదాయాన్ని బట్టి మాత్రమే కాక, చుట్టూ ఉన్నవాళ్ల ఖర్చును బట్టి కూడా ఉంటుందని వాదించాడు. రాబడి ఎంత పెరిగితే ఖర్చూ అంతకు పెరుగుతుందని పార్కిన్సన్ 1960లో ఒక సూత్రమే రాసిపెట్టాడు. ఆయన ఎక్కువగా ప్రభుత్వాలను ఉద్దేశించి అన్నాడు గాని మన కాలనీలకూ సరిపోతుంది. అయినా ఈ ఆడంబర వాదం నాకు సగం సోమరి వాదంగానే కనిపిస్తుంది. ఎదుటివాడి చీరా, కారూ చూసి తీర్పు చెప్పడం సులభం. వాడి పే స్లిప్పు పక్కన పెట్టుకుని లెక్క వేయడం కష్టం. ఆ కష్టమే పడదాం.

ఒక ఇల్లు అనుకుందాం. ఊహించిన ఇల్లే, అయితే మీలో చాలామందికి ఎక్కడో చూసినట్టే ఉంటుంది. భర్త కోసిగి మండలంలో టీచరు, భార్యకూ ఉద్యోగమే, కాపురం ఆదోనిలో. పెన్షను కోతా, ఇన్సూరెన్సు కోతా పోను ఇద్దరి చేతికీ కలిపి లక్ష వస్తుంది. ఇల్లు కట్టడానికి 30 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు: నెలకు 26,992. (ఇరవై ఏళ్లకు కట్టేది దాదాపు 65 లక్షలు. ఈ అంకె సంతకం పెట్టేనాడు ఎవరూ చూడరు.) కారు వాయిదా 9,800. చీటీ 10,000. పెద్దవాడి ఇంటర్మీడియట్, హాస్టలు కలిపి నెలకు పడేది 15,000. చిన్నదాని బడికి 4,000. కోసిగిలో ఉన్న అమ్మానాయనలకు 6,000. ఇక బియ్యం, పప్పు, పాలు, కూరగాయలు, గ్యాసు, కరెంటు, పెట్రోలు, ఫోన్లు, తాగేనీళ్ల క్యాన్లు అన్నీ కలిపి 22,000. మొత్తం దాదాపు 93,800. ఇంకా ఆరు వేలు మిగిలిందే! ఏం కష్టమప్పా వీళ్లకు?

కష్టం ఈ లెక్కలో లేదు, ఈ లెక్కకు కనబడని చోట ఉంది. ఏడాదికొకసారి వచ్చే ఖర్చులు చూడండి. పాలసీ ప్రీమియం, కారు ఇన్సూరెన్సు 36,000. బంధువుల్లో రెండు పెళ్లిళ్లు, చదివింపులు, బట్టలు 40,000. నాయన సేద్యానికి విత్తనాలు, ఎరువులు 40,000. ఎవరికో ఒకరికి కర్నూలులోనో, బళ్లారిలోనో ఆసుపత్రి 30,000. మొత్తం లక్షా నలభై ఆరు వేలు. నెలనెలా మిగిలిన ఆరు వేల రెండు వందలు పన్నెండు నెలలు ఒక్క పైసా తీయకుండా దాచినా 74,400. అంటే నెల లెక్కలో మిగులుతున్న ఇల్లు ఏడాది లెక్కలో 70 వేల పైచిలుకు లోటులో ఉంది. ఆ లోటు ఎక్కడ పూడుతుంది? బంగారం కుదువ పెడతారు, లేదా పర్సనల్ లోను తీస్తారు. మరుసటి ఏడు ఆ లోను వాయిదా నెల ఖర్చులో చేరుతుంది. ఈసారి నెల లెక్కలోనూ మిగులు ఉండదు.

ఇక్కడ మన రైతు గుర్తుకు రావాలి. కోసిగి రైతుకు రాబడి నెలకొకసారి కాదు, ఏడాదికొకసారి. పత్తి ఆదోని మార్కెట్‌లో తూకం వేసిననాడు, శనక్కాయలు అమ్మిననాడు వచ్చిన దుడ్లే మళ్లీ పంట దాకా నడపాలి. అందుకని అతని తలలో ఎప్పుడూ ఏడాది ఉంటుంది: విత్తనానికింత, తేరుకింత, సావుకారి బాకీకింత. ఆ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు, వానలేని ఏళ్లు నేర్పాయి. ఆ రైతు కొడుకు ఉద్యోగంలో చేరగానే ఏడాది పోయి నెల వస్తుంది. ఒకటో తారీఖు మళ్లీ జీతం పడుతుందన్న ధీమా ఆ పాత విద్యను మరపిస్తుంది. జూన్ నెలలో బడులు తెరవడం ప్రతి ఏడూ వచ్చేదే కదా, ప్రతి ఏడూ అదేదో పిడుగుపాటులా ఎందుకు తగులుతుంది? రైతు దసరాను అట్లా అనుకోడు.

ఇంకో సంగతి. 1857లో ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త పేద ఇంట్లో ఖర్చులో తిండి వంతు ఎక్కువనీ, ఆదాయం పెరిగేకొద్దీ ఆ వంతు తగ్గుతుందనీ చూపాడు. ఎకనామిక్స్ విద్యార్థులకు ఇది కంఠతా వచ్చిందే. మన సర్వే లెక్కల్లోనూ 2022-23 నాటికి పల్లెల ఖర్చులో తిండి వంతు సగం కంటే తక్కువకు, 46 శాతం చిల్లరకు వచ్చింది. పట్టణాల్లో 39 శాతం. ఇది అభివృద్ధే. కాని దీని వెనుక ఒక చిక్కు ఉంది. తిండి ఖర్చు వంగుతుంది. చెయ్యి బిగిసిన వారం కూర మాని జొన్నరొట్టె, కారంపొడి తిని గడపవచ్చు. వాయిదా వంగదు. మనం చూసిన ఇంట్లో అప్పులూ, చీటీ, పిల్లల చదువులూ కలిపి 65 వేలు దాటుతున్నాయి. ఆ దుడ్లు జీతం రాకముందే ఎవరికో మాట ఇచ్చినవి. ఇంక ఆ దంపతులు నిజంగా చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పగలిగింది మూడో వంతు మాత్రమే. "పొదుపు చెయ్యండి" అని వాళ్లకు సలహా ఇచ్చేవాళ్లు ఆ మూడో వంతులోనుంచే చెయ్యమంటున్నారు. టీ, సినిమా మానితే ఇరవై ఏడు వేల వాయిదా తగ్గదు కదా.

అప్పు ఇచ్చేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. కూలివానికి అప్పు పుట్టకపోవడం కష్టం. ఉద్యోగికి అప్పు అతి సులభంగా పుట్టడం కష్టం. పే స్లిప్పే జామీను. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ముసలివాళ్లు చెవులు మూసుకుంటారు. క్రెడిట్ కార్డు బాకీ నిలిస్తే నెలకు మూడున్నర దాకా పడుతుంది, ఏడాదికి 42 శాతం. అది ప్లాస్టిక్ ముక్క మీద ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి మనకు వడ్డీలాగా కనిపించదు కాబోలు! ఇది మన కాలనీల జబ్బు మాత్రమే కాదు. దేశం మొత్తం మీద కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2022-23లో జాతీయోత్పత్తిలో 5 శాతం చిల్లరకు పడిపోయింది. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు తాకట్టు లేని ఇట్లాంటి అప్పుల మీద బ్యాంకులకు నిబంధనలు బిగించవలసి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద కారణం, పుస్తకాల్లో తక్కువగా కనిపించేది, ఇంకొకటి ఉంది. మనవైపు ఒక జీతం ఒక ఇంటిది కాదు. ఎన్నో తరాలకు మొట్టమొదట వచ్చిన జీతం అది. దాని మీద కోసిగిలోని ఇల్లు, ఆదోనిలోని ఇల్లు, భార్య పుట్టినిల్లు మూడూ ఆధారపడి ఉంటాయి. ఎండిపోయిన బోరు అప్పు దానిదే, తమ్ముడి కోచింగు దానిదే, చెల్లెలి పెళ్లి దానిదే. సర్వేవాళ్లు ఆ ఇంటిని "ఎక్కువ ఆదాయం గల కుటుంబం" అని రాసుకుంటారు. ఆ రాబడిని దానికి ఆనుకుని బతికే పన్నెండు మంది మీద పంచి చూస్తే ఆ మాట నిలుస్తుందా? తాత కాలం నుంచి ఉద్యోగాలున్న ఇంటివాడికీ ఇతనికీ జీతం ఒకటే. అతనికి కట్టిన ఇల్లుంది, పెన్షను వచ్చే తండ్రి ఉన్నాడు. ఇతను తండ్రికే పెన్షను. ఇద్దరినీ ఒకే గాటన కట్టి "వీడికి పొదుపు తెలియదు" అనడం అన్యాయం. తల్లికి పంపే ఆరు వేలను దుబారా అనే ఆర్థికశాస్త్రం నాకక్కరలేదు.

ఇక నొప్పి కలిగించే మాట ఒకటి. కోసిగి సర్కారు బడిలో పాఠం చెప్పే మనం మన పిల్లల్ని ఆదోని ప్రైవేటు బడికి పంపుతాం, తర్వాత కార్పొరేటు కాలేజీ హాస్టలుకు పంపుతాం. సర్కారు ఆసుపత్రి నర్సు తనకు జ్వరం వస్తే ప్రైవేటు నర్సింగు హోముకు పోతుంది. ప్రభుత్వం దగ్గర తీసుకున్న జీతంతో, ప్రభుత్వం ఇవ్వవలసిన చదువునూ, వైద్యాన్నీ, చివరకు తాగేనీళ్లనూ బజారులో కొంటున్నాం. పక్కన తుంగభద్ర పారుతుంటే క్యాను నీళ్లు! ఒక్కొక్కరినీ అడిగితే "నా బిడ్డ మీద ప్రయోగాలు చెయ్యలేను సార్" అంటారు, అదీ నిజమే. కాని అందరం కలిసి చేసిన ఈ పనివల్ల బడి ఇంకా బలహీనపడింది, ఫీజు ఇంకా పెరిగింది. పి.ఆర్.సి.లో జీతం ఎంత పెంచినా (2022లో 23 శాతం ఫిట్‌మెంటు ఇచ్చారు, దాని మీద ఎంత పోరాటం జరిగిందో తెలుసు) ఆ పెంపు ఈ కంతలోనుంచి కారిపోతూనే ఉంటుంది. ఉద్యోగ సంఘాలు డి.ఏ. బకాయిల కోసం పోరాడటం న్యాయం. మండల కేంద్రంలో మంచి జూనియర్ కాలేజీ కోసం, ఆసుపత్రిలో డాక్టరు కోసం అదే పట్టుదలతో పోరాడితే అదీ జీతం పెంపే, పైగా సుగ్గికి పోయే ఇంటికి కూడా వచ్చే పెంపు.

ఇంకా ఒక అడ్డంకి సిగ్గు. సుగ్గి నుంచి వచ్చిన మనిషి ఎంత తెచ్చాడో, ఎంత బాకీ తీర్చాడో వీధి మొత్తానికి తెలుసు. ఉద్యోగి చేతికి ఎంత వస్తుందో కన్న తండ్రికి తెలియదు. తండ్రి ఊళ్లో "మావానికి లక్ష" అని చెప్పుకుంటాడు, కొడుకు కాదనలేడు. కొడుకు కాదనకపోతే చెల్లెలి పెళ్లి లక్ష జీతం లెక్కలోనే కుదురుతుంది. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు నేతగాళ్లు తమ కష్టాన్ని ఒకరికొకరు చెప్పుకుని ఒక లెక్క పుస్తకం కిందికి వచ్చారు. పూటకు లేనివాళ్లకు లేని సిగ్గు నెల జీతగాళ్లకెందుకో!

2025 మెగా డి.ఎస్.సి. 16,347 పోస్టులకు వచ్చింది. మన పూర్వ విద్యార్థుల్లోనూ కొత్తగా జీతం అందుకుంటున్నవాళ్లుంటారు. పోస్టింగు ఆర్డరు చేతిలో పడిన వారానికే లోన్ల ఫోన్లు మొదలవుతాయి. కాబట్టి విద్యార్థి సంఘానికి నా సూచన ఇది: వచ్చే ఏడు సన్మానాలకు పెట్టే సాయంత్రాల్లో ఒకటి దీనికి ఇవ్వండి. ఉద్యోగంలో పదేళ్లు దాటిన అయిదారుగురు పాత విద్యార్థులను పిలిచి, పేర్లు కొట్టేసిన పే స్లిప్పులూ, ఏడాది ఖర్చుల లెక్కా బోర్డు మీద రాయించండి. కామర్స్ లెక్చరర్లు వాయిదాల లెక్క విప్పి చూపగలరు. కోసిగి నుంచి వచ్చే విద్యార్థులు తమ నాయనలనూ వెంటబెట్టుకుని రావాలి. ఆ బోర్డు వాళ్లు కూడా చూడాలి. మీటింగు ఆదివారం పెడితే రైలుకు పోయిరావడం వాళ్లకు సులభం.