గూగుల్ ఫారానికి మోకాళ్లుండవు

యానిమేషన్ కోర్సు చివరి ఏడాది పిల్లల్ని ఎవరినైనా అడిగి చూడండి, క్యారెక్టర్ డిజైన్ ప్రాజెక్టుకి ప్రైమరీ రీసెర్చ్ ఏం చేశారని. జవాబు దాదాపు ఒకటే వస్తుంది. గూగుల్ ఫారం తయారుచేశాం, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాం, చుట్టాలకీ స్నేహితులకీ పంపాం, నింపారు. ఫారంలో ప్రశ్నలూ ఎక్కడ చూసినా అవే. మీకు ఏ రంగులు ఇష్టం? హీరో లావుగా ఉండాలా, సన్నగా ఉండాలా? పల్లెటూరి పాత్ర అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? ఈ మూడు బొమ్మల్లో ఏది నచ్చింది? వచ్చిన జవాబుల్ని రంగురంగుల చక్రంగా మార్చి రిపోర్టులో అతికిస్తే పరిశోధన అధ్యాయం పూర్తయినట్టే. గైడ్ సంతకం పెడతారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ తలూపుతారు.

ఇందులో పరిశోధన లేదని నేనంటాను. పాత్రను గీసేవాళ్లకు మొట్టమొదట కావలసిన సమాచారం మనుషుల ఒళ్లలో ఉంటుంది. ఎలా నిలబడతారు, బరువు ఏ కాలి మీద వేస్తారు, బట్ట ఎక్కడ దోపుకుంటారు, చేస్తున్న పని వాళ్ల భుజాన్ని ఎటు వంచింది: ఇవి కళ్లతో చూసి, చేత్తో గీసి సేకరించాల్సిన సంగతులు. ఫారం ఎంతమంది నింపినా ఒక్క మోకాలు ఎలా వంగుతుందో చెప్పదు.

ఈ అలవాటు పుట్టిన చోటు తెలిసిందే. కామర్సు, మేనేజ్‌మెంటు కోర్సుల ప్రాజెక్టు నమూనాను డిజైన్ కోర్సులు యథాతథంగా దించుకున్నాయి. ప్రశ్నావళి వేస్తే ఒక ఖానా, పుస్తకాలూ వెబ్‌సైట్లూ తిరగేస్తే ఇంకో ఖానా. సబ్బులు అమ్మే కంపెనీకి అది సరిపోతుంది. ఆ సబ్బే ఎందుకు కొంటున్నారో కొనేవాళ్లని అడగక తప్పదు, ఎందుకంటే అక్కడ పరిశీలించేదే అభిప్రాయాన్ని. కొబ్బరి దింపు కార్మికుడి పాత్రను గీసే విద్యార్థి పరిశీలించాల్సింది దింపు కార్మికుణ్ణి. ఆయన గురించి హైదరాబాదు హాస్టల్లో ఉన్న క్లాస్‌మేటు ఏమనుకుంటున్నాడో తెలుసుకుంటే, ఆ క్లాస్‌మేటు గురించి మాత్రమే తెలుస్తుంది.

గోదావరి జిల్లాల విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. "గోదావరి పాత్ర ఎలా ఉండాలి?" అని ఒక ఫారం పంపండి. ఏం తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పొచ్చు: తెల్ల పంచె, భుజాన కండువా, వేళ్లకు ఉంగరాలు, మాట చివరో 'అండీ', మాట వెనక వెటకారం, వెనకాల కొబ్బరిచెట్టు, పక్కన పూతరేకుల డబ్బా. ఈ మనిషిని వాళ్లు ఎక్కడ చూశారు? సినిమాల్లో. సినిమా వాళ్లు ఎక్కడ చూశారు? చాలాసార్లు ఇంకో సినిమాలో. నాలుగు చేతులు మారిన సరుకుకి ప్రైమరీ డేటా అని ముద్ర కొట్టి రిపోర్టులో పెట్టుకుంటున్నాం. జవాబులు పెరిగినకొద్దీ ఆ అచ్చు మరింత గట్టిపడుతుంది తప్ప కొత్త మనిషి ఒక్కడూ దొరకడు.

అడిగితే దొరకనిది ఎంత ఉంటుందో తెలియాలంటే నర్సాపురం లేసు సంగతి చూడాలి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరాలుగా లేసు అల్లుతున్నారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికొచ్చి, వాళ్లతో మాట్లాడి, వాళ్ల పనిని దగ్గరగా చూసి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించారు. ఆమె బయటపెట్టిన ముఖ్యమైన విషయం ఇది: ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆ ఆడవాళ్లని అందరూ గృహిణులుగానే లెక్కగట్టారు, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా చూశారు. అలాంటి చోట "మీరేం పని చేస్తారు?" అనే ప్రశ్న ఉన్న కాగితం పంపితే, "ఇంట్లోనే ఉంటానండి" అని రాసి పంపుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు మాత్రం మాట్లాడుతున్నా, పిల్లాణ్ణి గదమాయిస్తున్నా ఆగని వేళ్లు కనబడతాయి. పాత్ర ఆ వేళ్లలో ఉంది. "ఇంట్లోనే ఉంటాను" అన్న గడిని నమ్ముకున్న విద్యార్థి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక అమ్మను గీస్తాడు.

ఇక కళ్లు తెరుచుకుని వెళ్తే డెల్టాలో దొరికేది ఇంతా అంతా కాదు. దింపు కార్మికుడు కాళ్లకు తాడు బంధం వేసుకుని చెట్టెక్కడం చూడండి. చేతులు మానును వాటేసుకుంటాయి, మోకాళ్లు ముడుచుకుంటాయి, రెండు పాదాలూ ఒకేసారి నొక్కుతాయి, ఒళ్లంతా నిటారుగా సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. ఒక్కో ముడుపు ఎంతసేపు, ఒక్కో సాగుడు ఎంతసేపు? పైకి వెళ్లేకొద్దీ ఆ లయ మారుతుందా? ఏళ్ల తరబడి చెట్లెక్కిన మనిషి నేల మీద నడిచేటప్పుడు పాదం ఎలా పడుతుంది? సెల్‌ఫోన్‌లో తీసిన చిన్న వీడియోని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తే ఈ ప్రశ్నలకు జవాబులుంటాయి. సినిమా కదలికలో సెకనుకి 24 ఫ్రేములుంటాయని పిల్లలకు మొదటి ఏడాదే చెబుతాం. ఆ 24 ఫ్రేముల్లో మనిషి ఒళ్లు ఏం చేస్తుందో చూసి రమ్మని మాత్రం చివరి ఏడాదికీ చెప్పం.

అంబాజీపేట వైపు కొబ్బరి ఒలుపు చూస్తే ఇంకో రకం ఒళ్లు కనబడుతుంది. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, నడుం బలంతో నొక్కి, మణికట్టుతో మెలితిప్పితే డొక్క ఊడివస్తుంది. చెట్టెక్కే మనిషి బలం నిలువునా సాగితే, ఒలిచే మనిషి బలం కిందికి దిగి పక్కకు తిరుగుతుంది. ఒకే పంట, ఒకే ఊరు, రెండు వేర్వేరు ఆకారాలు. ఆత్రేయపురంలో పూతరేకు తీసే ఆమెది మూడో రకం. బోర్లించిన కుండ కింద మంట, పలచని బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క విసురు. గుడ్డ అటు దాటేసరికి రేకు కట్టేస్తుంది. ఆ విసురులో తొందర ఉందా, తాపీ ఉందా? వేడికి మొహం ఎటు తిప్పుకుంటుంది? డబ్బా మీద అచ్చేసిన బొమ్మ ఈ సంగతులు చెప్పదు.

నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య వశిష్ఠ మీద తిరిగే పంటు మీద ఒక పూట నిలబడితే మనుషులు వాళ్లంతట వాళ్లే వరసలో వచ్చి నిలబడతారు. మోటార్‌సైకిల్ దిగకుండా ఒక కాలు ఆనించినవాడు, బుట్ట దించకుండా నడుం మీద సర్దుకున్నామె, రేవు దగ్గరపడగానే అందరికన్నా ముందు కదిలే బడిపిల్లలు. అంతకన్నా ముఖ్యం, సినిమా కోనసీమలో చోటులేని వాళ్లు అక్కడ తగులుతారు. రొయ్యల షెడ్డులో పని ముగించుకుని వస్తున్న ఆడపిల్లలు, భీమవరం వైపు చెరువుల మీద రాత్రి కాపలా కాసి వస్తున్న కుర్రాడు, కువైట్‌లో ఇంటిపని చేసి సెలవు మీద వచ్చిన ఆమె. ఈ డెల్టాను ఇవాళ మోస్తున్నది వీళ్లు. వీళ్లలో ఒక్కరూ ఫారంలో జవాబుగా రారు, ఎందుకంటే ఎవరికీ వీళ్లు 'గోదావరి పాత్ర'గా గుర్తురారు.

ఈ మాటలు కొత్తవి కావు. రాజమండ్రిలో వందేళ్ల కిందటే ఈ బడి ఉంది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. ఆయన చేరదీసిన కుర్రాళ్లలో ఒకరు దామెర్ల రామారావు, మరొకరు అడివి బాపిరాజు. 1897లో పుట్టిన రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయారు. రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న గ్యాలరీకి వెళ్లే విద్యార్థులు పెద్ద చిత్రాల ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. ఆగి చూడాల్సింది పెన్సిల్ బొమ్మల దగ్గర. ఆ చిత్రాల వెనక ఎంత చూపు ఉందో అవి చెబుతాయి. మన రిపోర్టుల భాషలో చెప్పాలంటే ఆయన ప్రైమరీ డేటా అదే.

బాపు విషయంలో మనం చేస్తున్న అన్యాయం మరో రకం. ఆయన 1933లో నర్సాపురంలో పుట్టారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ బుడుగుకి రూపం ఇచ్చింది ఆయనే. ఇప్పుడు 'తెలుగుదనం ఉన్న డిజైన్' కావాలంటే పిల్లలు బాపు గీతను దించేస్తున్నారు: ఆ కళ్లు, ఆ జడ, ఆ నడుం. ఆ గీత ఆయన తన కళ్లతో చూసి, తనకు తగ్గట్టు కుదించి తేల్చుకున్న ఫలితం. ఫలితాన్ని ఎత్తుకొస్తే చూపు రాదు. 1967లో 'సాక్షి' తీయాల్సివచ్చినప్పుడు ఆయన సెట్టు వేయించలేదు. గోదావరి ఒడ్డున పులిదిండికి యూనిట్టునే తీసుకెళ్లారు. ఆయన్ని గౌరవించాలనుకునే విద్యార్థి అనుకరించాల్సింది ఆ ప్రయాణాన్ని.

ప్రపంచంలో పెద్ద స్టూడియోలూ ఇదే చేశాయి. 1942లో వచ్చిన 'బాంబి' కోసం డిస్నీ స్టూడియోకి జింకపిల్లల్ని తెప్పించారు. రికో లెబ్రన్ చేత జంతువుల శరీర నిర్మాణం పాఠాలు చెప్పించారు. మారిస్ డే మెయిన్ రాష్ట్రపు అడవుల్ని ఫొటోలు తీసి పంపాడు. ఎలాంటి జింక ఇష్టమని ప్రేక్షకుల్ని అడిగి గీసిన సినిమా కాదది. ఆ బృందంలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి వచ్చి, ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో మనవాళ్లకు శిక్షణ ఇచ్చాడు. అంటే చూసి గీయడమనే పాఠం మన దేశపు యానిమేషన్‌కి ఎప్పుడో అందింది. కాలేజీలు ఎక్కడో దారిలో దాన్ని జారవిడుచుకున్నాయి.

దీనికి ఎదురుగా వచ్చే మాటలు నాకు తెలియనివి కావు. పరిశీలన వ్యక్తిగతం, సర్వే నిష్పాక్షికం అంటారు. పరిశీలనకూ క్రమశిక్షణ ఉంటుంది. ఒకే పని చేసేవాళ్లని ఒక్కరిని కాకుండా పలువురిని గీయాలి. పొద్దునొకసారి, అలిసిపోయిన సాయంత్రం మరోసారి చూడాలి. తలకూ ఒంటికీ నిష్పత్తి కొలవాలి. చూస్తూ గీసిన బొమ్మను మర్నాడు జ్ఞాపకం నుంచి మళ్లీ గీసి, రెంటికీ తేడా ఎక్కడొచ్చిందో రాసుకోవాలి. ఆ తేడాలోనే మన ముందస్తు అభిప్రాయం పట్టుబడుతుంది. తన పక్షపాతాన్ని తానే పట్టుకునే ఇలాంటి ఏర్పాటు వాట్సాప్ గ్రూపు సర్వేలో ఎక్కడుంది? అక్కడ జవాబిచ్చేవాళ్లంతా ఒకే వయసువాళ్లు, ఒకే క్లాసువాళ్లు.

పరిశ్రమకు కావలసింది స్టైలు, డాక్యుమెంటరీ కాదు అంటారు ఇంకొందరు. ఛోటా భీమ్‌ని 2008లో టీవీలోకి తెచ్చిన సంస్థ హైదరాబాదుదే కాబట్టి ఉద్యోగాల గురించిన ఈ ఆందోళన నిజమైనదే. కానీ దేన్ని వదిలెయ్యాలో తెలియడమే స్టైలు. ఏమీ చూడనివాడికి వదలడానికి ఏముంటుంది? కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల్ని చూడండి. జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి రాగానే ఆకారాన్ని బట్టే జనం గుర్తుపట్టి నవ్వుతారు. డాక్యుమెంటరీకి ఆమడ దూరంలో ఉన్న బొమ్మలవి. ఐనా మనుషుల్ని తరాలుగా గమనించి, పెంచి, వెక్కిరించి, కత్తిరించిన ఆకారాలు.

ఇంటర్నెట్టులో ఫొటోలున్నాయి, ఏఐని అడిగితే క్షణంలో పది బొమ్మలిస్తుంది, ఊళ్లు తిరగడానికి డబ్బులెక్కడివి అనే మాట మూడోది. యంత్రానికీ ఫారానికీ జబ్బు ఒకటే. ఎక్కువమంది పెట్టిన బొమ్మనే తిరిగి ఇస్తుంది. డబ్బు మాటకొస్తే, చదువుకునే ఊరు ఏదైనా రైల్వే స్టేషనూ రైతుబజారూ అందులోనే ఉంటాయి. దూరం వెళ్లేవాళ్లకు బస్సు చార్జీలివ్వడం కాలేజీ బాధ్యత.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను పూర్తిగా తలవంచుతాను. మనుషులు ఎగ్జిబిషన్ వస్తువులు కాదు. అడగకుండా వీడియో తీయడం, పిల్లల్ని పెద్దవాళ్లకు చెప్పకుండా గీయడం, ఒకరి అవిటితనాన్ని నవ్వులాటకు వాడుకోవడం పరిశోధన పేరుతో జరగకూడదు. "బాబాయ్, మీరు పని చేసుకుంటుంటే బొమ్మ గీసుకోనా?" అని అడగాలి. వద్దంటే దండం పెట్టి రావాలి. పని ఆపించి నిలబెడితే ఆ సమయానికి కూలి కట్టివ్వాలి. గీసినది వాళ్లకు చూపించాలి. "నేనిలా ఒంగుతానేంట్రా!" అని వాళ్లు నవ్వారంటే అది కూడా రాసుకోవాల్సిన సమాచారమే.

సర్వేకి అసలు చోటే లేదా? ఉంది, కానీ చివర. అన్నం వండకుండా విస్తరి వేసి రుచెలా ఉందని అడిగితే ఏం చెబుతారు? పాత్ర తయారయ్యాక, దాని నల్లటి నీడ ఆకారాన్ని మాత్రం తెలియనివాళ్లకి విడివిడిగా చూపించండి. "నచ్చిందా?" అనకండి. "ఎవరీ మనిషి, ఏం పని చేసి వస్తున్నాడు?" అని అడగండి. వచ్చిన జవాబు బొమ్మ పనిచేసిందో లేదో తేలుస్తుంది. ఆ బొమ్మను ఎవరిని చూసి గీశారో వాళ్లకే మొదట చూపిస్తే ఇంకా మంచిది.

మార్పు మార్కుల దగ్గర మొదలవ్వాలి. విద్యార్థులు దేనికి మార్కులొస్తాయో అదే చేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ప్రైమరీ రీసెర్చ్ కింద స్కెచ్ పుస్తకం, తేదీ చోటు రాసిన పరిశీలన నోట్సు, జ్ఞాపకం నుంచి గీసిన బొమ్మలు అడగండి. చార్టులకు మార్కులు తీసెయ్యండి. వైవాలో మొదటి ప్రశ్న "ఎంతమంది నింపారు?" అని కాకుండా "ఎవరిని చూశావు, ఆ మనిషి దేని బరువు మోస్తున్నాడు?" అని ఉండాలి. జవాబు చెప్పలేని ప్రాజెక్టుని, చార్టు ఎంత అందంగా ఉన్నా, వెనక్కి పంపాలి.