చేపకు గుర్తుంటుంది

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో గడలకు చిల్లుల సంచులు కట్టి తవుడు, చెక్క పెడతారు. శీలావతి, బొచ్చె ఆ చోటు గుర్తుపట్టి, చిల్లుల్లోంచి మేత లాక్కుంటాయి. అయినా చేపకు జ్ఞాపకం మూడు సెకన్లేనన్న మాట మనం వదలం. మేత చోటు గుర్తుపట్టడం వట్టి అలవాటు, తెలివి కాదనేవారున్నారు. అలవాటైతే పదేపదే జరగాలి కదా! నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బ్యూకెమా 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక్కసారి గాలానికి తగిలిన బంగారుతీగ మళ్లీ చిక్కడం బాగా తగ్గింది. ఆ జాగ్రత్త ఏడాది దాకా నిలిచింది. శీలావతిదీ ఆ కుటుంబమే.

అలాంటి ప్రాణిని బతికుండగానే ఐసులో కప్పి, ఊపిరాడక చావనివ్వడం అన్యాయం. తినొద్దనడం లేదు. ముందే తలమీద దెబ్బతో స్పృహ తప్పించవచ్చు. టన్నుల సరుక్కి అది కష్టమే, కూలి పెరుగుతుంది. ఆ ఖర్చు రైతు నెత్తిన వేయకుండా కొనేవాళ్లమే భరించాలి.