చక్రాల మీద వంటిల్లు

అమెరికాలో ఆర్‌.వి. అంటే చక్రాల మీద ఇల్లు. బంధువులతో అలాంటి బండిలో తిరిగినప్పుడు నేను చూసిందిది: స్టీరింగు, ఇంజను మగవాళ్లవి, పొయ్యి, పక్కలు, అంట్లు ఆడవాళ్లవి. ఇల్లు కదిలింది గానీ పనివిభజన కదల్లేదు.

నిర్జన రహదారిలో భర్తకు గుండెనొప్పి వస్తే బండి నడిపేదెవరు? టైర్లలో గాలి చూడటం, బయలుదేరేముందు గ్యాసు వాల్వు కట్టేయడం, వాసనలేని కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారాన్ని పరీక్షించడం, మరుగుదొడ్డి ట్యాంకు ముందు ఖాళీచేసి, అంట్లనీళ్ల ట్యాంకుతో గొట్టం కడగడం - ఇవి మగవిద్యలు కావు, ప్రాణరక్షణ విద్యలు. స్త్రీలు వీటిని నేర్చుకోవాలి. పురుషులు అంట్లు తోమడం నేర్చుకోవాలి.

తాళంచెవి మన చేతికి రానంతవరకూ ఆ ప్రయాణం మనది కాదు. ఆ బండి కిటికీ ఉన్న మరో వంటిల్లు, అంతే.